పాత చిన్న ల్యాప్‌టాప్‌కు క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ సరిపోతుందా?

హనుమకొండలో డిగ్రీ చదువుతున్న మీ చెల్లెలి కోసం, 4 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజ్ మాత్రమే ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ వేయవచ్చా అని అడిగారు. వేయవచ్చు. గూగుల్ 2022లో విడుదల చేసిన ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌కు 64 బిట్ ఇంటెల్ లేదా ఏఎండీ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజ్ ఉంటే చాలు. విండోస్ 11కు కనీసం 64 జీబీ స్టోరేజ్ కావాలి. పని దాదాపు అంతా బ్రౌజర్‌లోనే జరుగుతుంది కనుక యంత్రంపై భారం తక్కువ. అయితే ఇందులో ఆండ్రాయిడ్ యాప్‌లు పనిచేయవు, ఇంటర్నెట్ లేనప్పుడు చేయగలిగే పని బాగా తగ్గిపోతుంది.

సెలవుల్లో ములుగు వైపు ఊరికి వెళ్లి, సిగ్నల్ సరిగా అందని ఇంట్లో ప్రాజెక్టు రిపోర్టు రాయవలసిన విద్యార్థికి నేనైతే లుబుంటునే సూచిస్తాను. అది లినక్స్ ఆధారిత తేలికైన ఆపరేటింగ్ సిస్టమ్. రిపోర్టులు రాసుకునే లిబ్రెఆఫీస్ అనే సాఫ్ట్‌వేర్ దానితోపాటే వస్తుంది, తెలుగు కీబోర్డును సెట్టింగులలో చేర్చుకుంటే నెట్ లేకుండానే టైపు చేయవచ్చు.

ఏది ఎంచుకున్నా ముందుగా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, స్పీకర్లు, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయో లేదో చూడండి. ఫ్లెక్స్‌ను ఇన్‌స్టాల్ చేస్తే డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఫోటోలు, సర్టిఫికెట్ల కాపీలు ముందే వేరొక చోట భద్రపరచండి.