ముందు గోడ కట్టండి, హీరో తర్వాత

ప్రశ్న: మా బామ్మర్దికి డాలస్‌లో ఉద్యోగం. మా అబ్బోడు ఇక్కడే ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఏప్రిల్ వస్తే చాలు, మేనమామా మేనల్లుడూ ఫోన్లో ఒకటే గొడవ. డాలస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ కాలేజీ పిల్లల్లో ఎవర్ని తీసుకోవాలా అని. బామ్మర్దేమో బంతి పట్టుకుని పరిగెత్తేవాడు కావాలంటాడు, మావాడు అడ్డం నిలబడే భారీ మనిషి కావాలంటాడు. పోయినేడు పది రోజులు మాటల్లేవు. నాకు తెలిసింది క్రికెట్టే. ఐపీఎల్ మాదిరి వేలం పెట్టుకోక ఈ పంచాయితీ ఏంది? ఇద్దర్లో ఎవరిది కరెక్టు?
— బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: ఇది వేలం కాదన్నా, డ్రాఫ్ట్ అంటారు. చిన్నప్పుడు స్కూలు గ్రౌండ్‌లో ఇద్దరు కెప్టెన్లు నిలబడి ‘నాకు వాడు’, ‘అయితే నాకు వీడు’ అని ఒకరి తర్వాత ఒకరు కోరుకునేవాళ్లు కదా, అచ్చం అదే. కాకపోతే ఇక్కడ కోరుకునేవాళ్లు ఎన్‌ఎఫ్‌ఎల్ అనే వాళ్ల లీగ్‌లోని 32 టీములు, ఏడు రౌండ్లు, ముందు కోరుకునే హక్కు పోయిన సీజన్‌లో అందరికంటే అధ్వానంగా ఆడిన టీముది. సూపర్ బౌల్, అంటే ఆ లీగ్ ఫైనల్, గెలిచినవాళ్లు ప్రతి రౌండ్‌లోనూ చివర నిలబడాలి. డబ్బున్న ఓనర్లే మంచి పిల్లలందర్నీ ఎగరేసుకుపోతుంటే మిగతావాళ్లు ఏం కావాలని 1936లో ఫిలడెల్ఫియాలో మొదలుపెట్టారు. ఆ రోజు మొట్టమొదట పేరు పిలిపించుకున్న జే బెర్వాంగర్ ఆ లీగ్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు, అంటే ఈ వ్యవహారం పుట్టుకలోనే తడబడింది.

మన వంతు మనమే వాడుకోవాలని లేదు, ఇంకో టీముతో మార్చుకోవచ్చు, రేపటేడు వంతు కూడా ఇవాళే ఇచ్చేయొచ్చు. మీ ఇంట్లో గొడవలు అంతంత సేపు సాగేది అందుకే. ‘ఫలానావాణ్ణి తీసుకోవాలి’ అన్న మాటకి ‘వాడు మన వంతు దాకా మిగులుతాడా, ముందుకు జరగాలంటే ఏమివ్వాలి’ అనే తోక కూడా ఉంటుంది.

ఇక ఎవరిది కరెక్టు అంటే, బామ్మర్ది దగ్గర గట్టి సాక్ష్యమే ఉంది. 1989లో కౌబాయ్స్ తమ స్టార్ హెర్షెల్ వాకర్‌ని మిన్నెసోటాకి ఇచ్చేసి బదులుగా వంతుల మీద వంతులు తెచ్చుకున్నారు. అలా వచ్చినదాన్ని వాడుకుని 1990లో 17వ వంతుకి జరిగి ఎమ్మిట్ స్మిత్‌ని పట్టారు. అతను మొత్తం 18,355 గజాలు పరిగెత్తాడు, ఆ రికార్డు ఇంకా ఎవరూ దాటలేదు, డాలస్‌కి మూడు సూపర్ బౌల్స్ వచ్చాయి. మీ బామ్మర్ది ఈ పేరు చెప్పగానే మావాడు ఓడిపోయాడు అనుకోకండి. ఎమ్మిట్ ముందు నిలబడి దారి చేసిన ఆ లావు మనుషులకి అప్పట్లో ‘డాలస్ మహాకుడ్యం’ అని పేరు, చైనా గోడ పేరు మీదుగా పెట్టారు. అందులో లారీ అలెన్ అనేవాడు సొనోమా స్టేట్ అనే చిన్న కాలేజీ నుంచి 1994లో రెండో రౌండ్‌లో వచ్చాడు, తర్వాత ఆ ఆటలో గొప్పోళ్ల పేర్లు నిలిపే హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాడు. గోడ లేకపోతే పరిగెత్తేవాడు ఎంత గొప్పోడైనా నాలుగు అడుగులకే కింద పడతాడు.

నేను మీవాడి వైపే. కారణం 2014. ఆ ఏడాది జానీ మాన్జెల్ అనే బంతి విసిరే కుర్రాడంటే దేశమంతా పిచ్చి, కౌబాయ్స్ ఓనర్ జెర్రీ జోన్స్‌కి కూడా మనసు అటే లాగింది. 16వ వంతు వచ్చేసరికి మాన్జెల్ ఇంకా మిగిలే ఉన్నాడు. పక్కనున్నవాళ్లు వద్దని ఆపి జాక్ మార్టిన్ అనే గార్డ్ పేరు రాయించారు. టీవీలో చూపించడానికి కూడా పనికిరాని పని గార్డ్‌ది, ప్రతి ఆటలోనూ ఎదురుగా ఉన్న దున్నపోతు లాంటి మనిషిని రెండు మూడు సెకన్లు ఆపి ఉంచడమే. మాన్జెల్ 22వ వంతులో క్లీవ్‌లాండ్‌కి పోయి రెండు సీజన్లకే లీగ్‌లో లేకుండా పోయాడు. మార్టిన్ పదకొండు సీజన్లు ఆడి తొమ్మిదిసార్లు ప్రో బౌల్‌కి, అంటే లీగ్‌లో మేటి ఆటగాళ్ల జట్టుకి, ఎంపికయ్యాడు. అతను రిటైరయ్యాక 2025లో మళ్లీ మొదటి రౌండ్‌లోనే, 12వ వంతులో, అలబామా నుంచి టైలర్ బుకర్ అనే ఇంకో గార్డ్‌ని తెచ్చుకున్నారు. దెబ్బ తిన్నవాళ్లకంటే దెబ్బ తప్పించుకున్నవాళ్లకే ఎక్కువ గుర్తుంటుంది అనుకుంటా.

పరిగెత్తేవాళ్ల బతుకు కూడా చూడండి. 2016లో నాలుగో వంతు పెట్టి ఎజెకీల్ ఇలియట్‌ని తీసుకున్నారు, వచ్చిన ఏడాదే లీగ్ మొత్తంలో ఎక్కువ గజాలు తీశాడు, అబద్ధం కాదు. 2023 మార్చిలో వదిలేశారు. అదే డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండ్‌లో, 135వ పేరుగా, పెద్దగా ఎవరూ పట్టించుకోని డాక్ ప్రెస్కాట్‌ని తీసుకున్నారు, చూస్తే అతనే ఏళ్ల తరబడి టీమ్ కెప్టెన్. రన్నింగ్ బ్యాక్‌ని, అంటే ఈ పరిగెత్తేవాణ్ణి, ప్రతి ఆటలోనూ ముగ్గురు నలుగురు మీద పడి తొక్కుతారు, మోకాళ్లు ఎన్నాళ్లుంటాయి.

మనకి తెలిసిన భాషలో చెప్పాలంటే కబడ్డీ. 2023 వేలంలో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్ అనే రైడర్‌కి రెండు కోట్ల అరవై లక్షలు పెట్టారు. మంచి రైడర్, అనుమానం లేదు. ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌ల్లో గెలిచింది రెండే. ఈ లెక్క బామ్మర్దికి ఫోన్లో చెప్పమనండి, వాళ్లక్క పక్కన లేనప్పుడు.

ప్రశ్న: ఈ డ్రాఫ్ట్‌కి ముందు పిల్లల్ని నలభై గజాలు పరిగెత్తించి టైమ్ కొలుస్తారట. మా ఫ్రెండ్స్ యూనివర్సిటీ వెనక గ్రౌండ్‌లో ఫోన్ స్టాప్‌వాచ్‌తో కొలిస్తే నాకు 4.5 సెకన్లు వచ్చింది. ఇది అమెరికాలో మంచి టైమేనంటున్నారు. నిజమేనా?
— ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్, తిరుపతి

జవాబు: నలభై గజాలు ఎట్లా కొలిచావు నాయనా, టేపుతోనా, అడుగులు వేసుకుంటూనా? అడుగులు వేసింది మీలో పొట్టివాడైతే అది నలభై గజాలు కాదు, ముప్ఫై మూడో ముప్ఫై నాలుగో అయ్యుంటుంది. పైగా వాచ్ నొక్కేవాడు నువ్వు కదిలాక ఒక క్షణం ఆగి నొక్కుతాడు, గీత దాటకముందే ఆపేస్తాడు, స్నేహితుడు కదా. నలభై గజాలంటే 36 మీటర్ల 58 సెంటీమీటర్లు, ఈసారి టేపు పెట్టండి.

అసలు పరీక్ష ఇండియానాపోలిస్‌లో జరుగుతుంది, కంబైన్ అంటారు. అక్కడ రికార్డు 4.21 సెకన్లు, 2024లో జేవియర్ వర్తీ తీశాడు, కాన్సాస్ సిటీ 28వ వంతులో పట్టుకుపోయింది. సెకనులో వందో వంతు కోసం అభిమానులు కొట్టుకు చస్తారు, నేనూ ఓసారి రాత్రంతా వీడియోలు చూశా, ఒప్పుకుంటున్నా. కానీ 2000లో టామ్ బ్రేడీ అదే నలభై గజాలకి 5.28 సెకన్లు తీసుకున్నాడు. నీ టైమ్‌తో పోలిస్తే ముసలాయన నడిచినట్టే. ఆరో రౌండ్‌లో 199వ పేరుగా పిలిచారు, ఏడు సూపర్ బౌల్స్ గెలిచాడు. బంతి విసిరేవాడికి కావలసింది కాళ్లు కాదు, ఎవరెక్కడున్నారో కనిపించడం.

ప్రశ్న: మన పిల్లలెవరైనా ఆ లీగ్‌లోకి వెళ్లే దారి ఉందా? మావాడు కబడ్డీ, బరువు తొంభై కిలోలు.
— గాంధీ రోడ్డు, చిత్తూరు

జవాబు: దారి ఉంది, కానీ సన్నది. జోర్డాన్ మైలాటా అనే ఆస్ట్రేలియా కుర్రాడు రగ్బీ ఆడేవాడు, అమెరికన్ ఫుట్‌బాల్ ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే 2018లో ఏడో రౌండ్‌లో ఫిలడెల్ఫియా 233వ పేరుగా తీసుకుంది. ఇప్పుడు ఆ టీమ్ గోడలో ఎడమ చివర అతనే, 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ కూడా గెలిచాడు. విదేశీ పిల్లలకి శిక్షణ ఇచ్చే పథకం ఒకటి లీగే నడుపుతోంది, అతను అటునుంచే వచ్చాడు. తండ్రి భారతీయుడైన బ్రాండన్ చిల్లర్‌ని 2004లో రామ్స్ అనే టీమ్ నాలుగో రౌండ్‌లో తీసుకుంది, కాకపోతే అతను పుట్టింది పెరిగింది అమెరికాలోనే. మీవాడి సంగతికొస్తే, మైలాటా బరువు నూట అరవై కిలోలు దాటుతుంది. తొంభై కిలోలవాడు గోడలోకి పనికిరాడు, చురుకు ఉంటే వేరే చోట చూసుకోవాలి. నన్నడిగితే ముందు డిగ్రీ, కబడ్డీ రెండూ వదలొద్దనండి.

ప్రశ్న: మా ఆయనకి ఈ పిచ్చి కొత్తగా పట్టింది. శుక్రవారం పొద్దున్నే నేను తలస్నానం చేసి తిరుచానూరు వెళ్దామని రెడీ అయితే ఆయన ఫోన్ ముందు కూర్చుని లేవలేదు. ‘ఒక్క పేరు, ఒక్క పేరు’ అంటూ ఎనిమిది చేశాడు. ఇది ఇంకో వేళలో చూడకూడదా?
— కొర్లగుంట, తిరుపతి

జవాబు: పాపం ఆయన తప్పు సగమే అమ్మా. అమెరికాలో అది గురువారం రాత్రి ఎనిమిది, మనకి శుక్రవారం తెల్లారి అయిదున్నర. ఒక్కో టీమూ పేరు చెప్పడానికి నిమిషాలకి నిమిషాలు తీసుకుంటుంది, మొదటి రౌండ్ అయ్యేసరికి ఇక్కడ తొమ్మిది దాటుతుంది. రెండో రోజు ఇంకా ఘోరం, శనివారం తెల్లవారుజాము నాలుగున్నరకే మొదలు.

ఒక ఒప్పందానికి రండి. ఆయన టీమ్ వంతు ఎన్నోదో ముందే తెలిసిపోతుంది. అది పన్నెండోదో పదహారోదో అయితే దాని పేరు చెప్పేదాకా చూసి లేవమనండి, మిగతా పేర్లు బస్సులో చూసుకోవచ్చు. మధ్యలో వంతు అమ్మేసుకుంటే మాత్రం ఆయన అరుపులకి మీరు కంగారు పడొద్దు. మూడో రోజు మనకి శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి, నాలుగు నుంచి ఏడు రౌండ్లు. వంటింటి పని అయిపోయి ఉంటుంది, ఆ రాత్రి మాత్రం ఆయన్ని కదిలించకండి. 2022లో మొత్తం 262 మందిలో చిట్టచివరి పేరు బ్రాక్ పర్డీ, రెండేళ్లు తిరక్కుండానే శాన్ ఫ్రాన్సిస్కోని సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లాడు. ఆ చివరి పేరు కోసం ఆయన తెల్లారేదాకా కూర్చుంటాడు, ఆదివారం టిఫిను కాస్త లేటుగా పెట్టండి.