ట్యూబ్ యాంపా, మోడలరా? ముందు ఎక్కడ వాయిస్తారో చెప్పండి

ప్రశ్న: కొండాపూర్‌లో ఫ్లాట్‌లో ఉంటాను. కొన్నేళ్లుగా చిన్న ప్రాక్టీస్ యాంప్‌తో ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నాను. మా బావ సంక్రాంతికి డాలస్ నుంచి వస్తున్నారు, కావాలంటే ఫెండర్ డీలక్స్ రివర్బ్ అనే ట్యూబ్ (పాత రేడియోల్లోని వాల్వ్‌లాంటిది) యాంప్ తెస్తానంటున్నారు. ఫ్రెండ్స్‌లో కొందరు "డిజిటల్ అంతా ఉత్తదే, ట్యూబే అసలు" అంటే, ఇంకొందరు "ఈ రోజుల్లో ట్యూబ్ ఎవరు కొంటారు" అంటున్నారు. ఏం చెయ్యమంటారు? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: బావగారిని ఆ బరువు మోయొద్దని చెప్పండి. యాంప్ బాగోలేదని కాదు, నాకు బాగా ఇష్టమైన యాంపుల్లో అదొకటి. కానీ అది 22 వాట్లది, మీరుండేది ఫ్లాట్‌లో. హోం థియేటర్ల డబ్బాల మీద వందలు, వేలు చూసి అలవాటైన కళ్లకి 22 అంటే ఇంతేనా అనిపిస్తుంది. గిటార్ స్పీకర్ లెక్క వేరు. 12 అంగుళాల స్పీకర్‌కి ఒక్క వాట్ ఇచ్చినా మీటరు దూరంలో ఇంచుమించు 97 నుంచి 100 డెసిబెల్స్ మోత వస్తుంది, అంటే పక్క ఫ్లాట్‌లో టైల్స్ కోస్తున్నట్టే. పైగా వాట్లు పదో వంతుకి తగ్గించినా చెవికి మోత సగమే తగ్గినట్టుంటుంది. "అయితే 5 వాట్ల ట్యూబ్ యాంప్ కొంటా" అని మీరు అడగబోయే ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది: అదీ ఫ్లాట్‌కి ఎక్కువే.

మోత గురించే ఇంత చెప్పడానికి కారణం ఉంది. ట్యూబ్ యాంప్ గురించి జనం మురిసిపోయే గుణాల్లో చాలావరకు బాగా పెంచి వాయిస్తేనే బయటికి వస్తాయి. డీలక్స్ రివర్బ్‌లో చివర రెండు 6వి6 ట్యూబులుంటాయి. వాల్యూమ్ పెంచేకొద్దీ అవి ఇక మోయలేని స్థితికి వస్తాయి, అయినా శబ్ద తరంగాన్ని కత్తిరించినట్టు ఒక్కసారిగా తెంపవు, అంచులు మెల్లగా గుండ్రం చేస్తాయి. అందులో కరెంటుని డీసీగా మార్చేది కూడా ట్యూబే కాబట్టి, గట్టిగా కార్డ్ కొట్టగానే లోపలి వోల్టేజ్ ఒక్క క్షణం పడిపోయి మళ్లీ లేస్తుంది. అందుకే నోట్ మొదట అణిగి, తర్వాత ఉబ్బినట్టు వినిపిస్తుంది, వేళ్లకి కూడా తెలుస్తుంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్ తమ వంతు కలుపుతాయి. మీ ఫ్లాట్‌లో వాల్యూమ్ రెండు మీద పెడితే ఇవేవీ జరగవు. శుభ్రమైన క్లీన్ సౌండ్ వస్తుంది, నిజంగా బాగుంటుంది, అయితే దానికోసం అంత డబ్బు పెట్టాలా?

ఇక డిజిటల్, అంటే మోడలర్లు: ట్యూబ్ యాంప్ సౌండ్‌ని లోపలి చిప్ లెక్కలతో అనుకరించే పరికరాలు. 1998లో లైన్ 6 కంపెనీ పాడ్ అని ఎర్రటి చిన్న డబ్బా తెచ్చినప్పటి నుంచి ఈ గొడవ నడుస్తోంది. అప్పటి మోడలర్లని తిట్టినవాళ్లు ఊరికే తిట్టలేదు. డిస్టార్షన్ అంటేనే అసలు సిగ్నల్‌లో లేని కొత్త హార్మోనిక్స్ (పై స్వరాలు) పుట్టడం, అవి డిజిటల్ శాంప్లింగ్ (శబ్దాన్ని సెకనుకి వేలసార్లు కొలవడం) పట్టుకోగల హద్దు దాటితే వెనక్కి మడతపడి, శ్రుతికి సంబంధం లేని చోట గీరుతాయి. ఇప్పటివి లోపల ఎన్నో రెట్లు ఎక్కువ శాంప్లింగ్‌తో లెక్కకట్టి ఆ పీడని చాలావరకు వదిలించుకున్నాయి, వోల్టేజ్ పడిలేవడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటాయి. ఇంకో దారి క్యాప్చర్. 2011లో కెంపర్ వాళ్లు మొదలుపెట్టిన తరహాలో, అసలు యాంప్‌లోకి రకరకాల పరీక్ష సిగ్నళ్లు పంపి అది ఎలా స్పందిస్తుందో చూసి నకలు తీయడం. ఇప్పుడు న్యూరల్ యాంప్ మోడలర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా న్యూరల్ నెట్‌వర్క్‌తో ఇదే పని చేస్తుంది, ల్యాప్‌టాప్, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే చాలు. ఒక్క మెలిక ఉంది. క్యాప్చర్ అనేది మామూలుగా ఆ రోజు ఆ యాంప్ నాబ్‌లు ఉన్న చోటికి మాత్రమే నకలు, మీరు గెయిన్ (డిస్టార్షన్ ఎంతన్నది పెంచే నాబ్) తిప్పితే అసలు యాంప్‌లో జరిగేదే జరుగుతుందన్న హామీ లేదు.

రికార్డింగ్‌లో పెట్టి ఏది ట్యూబో ఏది డిజిటలో చెప్పమంటే నేను పందెం కాయను. గదిలో యాంప్ వెనకుండి ప్యాంటు అంచులు కదిలేలా మోగుతుంటే మాత్రం చెప్పగలను. ఎందుకంటే మోడలర్ మీకిచ్చేది యాంప్ సౌండ్ కాదు, యాంప్ స్పీకర్ ముందు మైక్ పెట్టి పక్క గదిలో విన్న సౌండ్. జనం హెడ్‌ఫోన్స్‌లో మోడలర్ విని, షాపులో 12 అంగుళాల స్పీకర్ ముందు నిలబడి ట్యూబ్ విని, "తేడా చూశావా" అంటారు. ఆ తేడాలో ట్యూబ్ వాటా ఎంత, స్పీకర్ వాటా ఎంత అని ఎవరూ విడదీసి చూడరు. ఫెండర్ వాళ్లే 2019లో టోన్ మాస్టర్ పేరుతో డీలక్స్ రివర్బ్‌ని డిజిటల్‌గా దించారు: అదే ఆకారం, ట్యూబులు లేవు, 12 అంగుళాల స్పీకర్ ఉంది, బరువు అసలుదానికి దాదాపు సగం, పవర్ 0.2 వాట్ దాకా తగ్గించుకోవచ్చు. మీకు యాంప్ ఆకారమే కావాలంటే అది వినండి. లేదంటే మంచి మోడలర్, మంచి హెడ్‌ఫోన్స్ చాలు.

షాపులో పరీక్ష ఒక్కటే. డిస్టార్షన్ పెట్టి వాయించి, యాంప్ నాబ్‌లు ముట్టుకోకుండా గిటార్ మీది వాల్యూమ్‌ని నాలుగుకి తగ్గించండి. సౌండ్ శుభ్రపడుతూ ప్రాణం నిలుపుకుంటే తీసుకోండి, మూగబోతే వదిలెయ్యండి.

ఇంత చెప్పినా బావగారు తెచ్చేస్తే, అమెరికా మోడల్ 120 వోల్ట్‌లది, మన 230కి నేరుగా పెట్టారో ఫ్యూజ్‌తో పోతే మీ అదృష్టం. పెద్ద సైజు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, యాంప్ వెనక రాసిన వాట్లకి కనీసం రెట్టింపుది కొనండి. మన 50 హెర్ట్జ్ వల్ల లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది కూడా.

ప్రశ్న: చర్చిలో వాయిస్తాను. సౌండ్ చూసే అన్న స్టేజీ మీద యాంప్ వద్దు, మోడలర్‌ని నేరుగా మిక్సర్‌కివ్వమన్నాడు. ఇంట్లో అద్భుతంగా ఉన్న సౌండ్ అక్కడ సన్నగా, చెవుల్లో గుచ్చుకునేలా ఉంది. (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: అన్న చెప్పింది కరెక్టే, గిటార్ యాంప్ ముందు వరుసని చెవిటివాళ్లని చేసి వెనకవాళ్లకి వినపడదు. మోడలర్‌లో క్యాబినెట్ బ్లాక్ (గిటార్ స్పీకర్ డబ్బాని అనుకరించే భాగం) ఆన్‌లో ఉందో లేదో ముందు చూడండి. గిటార్ స్పీకర్ దాదాపు 5, 6 కిలోహెర్ట్జ్ దాటితే పెద్దగా పలకదు, డిస్టార్షన్‌లోని కరుకంతా దానివల్లే వడకట్టుకుపోతుంది. మిక్సర్ స్పీకర్లు అలా కాదు, అన్నీ పలుకుతాయి. క్యాబినెట్ ఆన్‌లో ఉన్నా గుచ్చుకుంటుంటే 7 కిలోహెర్ట్జ్ దగ్గర హై కట్ (ఆ పైవాటిని తగ్గించేది) పెట్టండి, 90 హెర్ట్జ్ కింద లో కట్ (ఆ కిందవాటిని తగ్గించేది) పెట్టండి. ఇంకొకటి, ఇంట్లో చిన్న వాల్యూమ్‌లో చెవికి బేస్, ట్రెబుల్ తక్కువ వినపడతాయి కాబట్టి తెలియకుండానే రెండూ పెంచేసి ఉంటారు. ఆరాధనకి గంట ముందు వెళ్లి, హాలు వాల్యూమ్‌లోనే ప్రీసెట్ సరిచేసుకోండి. గెయిన్ కూడా తగ్గించండి, మీరనుకున్నదానికంటే ఎక్కువే పెట్టి ఉంటారు.

ప్రశ్న: ఫోన్ యాప్‌లో యాంప్ మోడల్స్ పెట్టి బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌తో వింటున్నాను, తాళం తప్పుతోంది. మోడలర్లన్నీ ఇంతేనా? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: తప్పు బ్లూటూత్‌ది. వైరున్న ఇయర్‌ఫోన్స్ పెట్టండి. మోడలర్ ఆలస్యం కొన్ని మిల్లీసెకన్లే, మూడు మీటర్ల దూరంలో ఉన్న యాంప్ శబ్దం మీ చెవికి చేరడానికే తొమ్మిది పడుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో కొన్ని వైరుతో కూడా నెమ్మదిగా ఉంటాయి, అప్పుడు చవక మోడలరైనా మేలు.

ప్రశ్న: పాత ట్యూబ్ యాంప్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఒకటే హమ్. యూట్యూబ్ చూసి నేనే విప్పుదామనుకుంటున్నాను. (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: విప్పకండి బాబూ. లోపల 400 వోల్ట్‌ల పైన డీసీ ఉంటుంది, ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో నిలవ ఉండి ప్రాణం తీయగలదు. ముందు గిటార్ కేబుల్ పీకి చూడండి, హమ్ ఆగిపోతే తప్పు గిటార్‌లోనో కేబుల్‌లోనో ఉంది. ఆగకపోతే ఎర్తింగ్ చూపించండి, మూడో పిన్ను ఊరికే ఉన్న సాకెట్లు మన ఇళ్లలో బోలెడు. అదీ బాగుంటే ఫిల్టర్ కెపాసిటర్లు (డీసీని నిలకడగా ఉంచేవి) ముసలివైపోయి ఉంటాయి. వాల్వ్ రేడియోలు బాగుచేసిన పాత మెకానిక్ దొరికితే ఆయన్ని మించినవాళ్లు లేరు. ట్యూబులు మార్చాల్సి వస్తే పవర్ ట్యూబులు మ్యాచ్ అయిన జతే కొనండి, బయాస్ (ట్యూబుల్లో పారే కరెంటు సర్దుబాటు) సెట్ చెయ్యాలా అని ఆయన్ని అడగండి. ఈ ట్యూబులు ఇప్పుడు ముఖ్యంగా స్లోవేకియా, రష్యా, చైనాల్లోనే తయారవుతున్నాయి, 2022లో రష్యా నుంచి సరుకు ఆగేసరికి అంతటా కంగారు పడ్డారు. కాబట్టి ఒక జత అదనంగా ఉంచుకోండి. ఆయన దగ్గరికి తీసుకెళ్లేదాకా, స్పీకర్ కనెక్షన్ తీసేసి మాత్రం ఆన్ చెయ్యకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే రిపేరు ఖర్చు మీరు కొన్న ధరని దాటిపోవచ్చు.