నలభై ఇళ్ల మైక్రోగ్రిడ్‌కు కూడా ప్రభుత్వ నియంత్రణ ఎందుకు?

మైక్రోగ్రిడ్ అంటే ఊళ్లోనే కరెంటు తయారుచేసి, సొంత లైన్ల మీద కొన్ని ఇళ్లకు పంచే చిన్న ఏర్పాటు. మీరు పెట్టబోయే నలభై ఇళ్ల మైక్రోగ్రిడ్ మీద కూడా ప్రభుత్వ పెత్తనం అవసరమా, వాటి మానాన వాటిని వదిలేయకూడదా అని మీరు అడిగారు. వదిలేయకూడదు. కాకపోతే ప్రభుత్వాలు పట్టించుకుంటున్నది ఒకటి, పట్టించుకోవలసింది మరొకటి. సోలార్ మైక్రోగ్రిడ్‌లు కట్టి నడిపే పనిలో కొన్నేళ్లు ఉన్నాను. లైసెన్సు లేదనో, యూనిట్ ధర ఎక్కువనో మూతపడిన గ్రిడ్‌ను నేను చూడలేదు. నా కళ్ల ముందు మూతపడినవన్నీ ఊళ్లోకి పెద్ద గ్రిడ్, అంటే పంపిణీ సంస్థ నడిపే మామూలు కరెంటు లైను, వచ్చాకే మూతపడ్డాయి. ఆ రోజు వస్తే ఎవరు ఏం చేయాలో ముందుగా ఎవరూ రాసిపెట్టలేదు.

ఒక ఊరి సంగతి చెబుతాను. మా ప్లాంటు ముప్పై కిలోవాట్లది. పగలు పిండిమర, నీళ్ల పంపు, రాత్రి ఇళ్లలో దీపాలు, ఫ్యాన్లు. ఒకరోజు పొద్దున్నే లారీలు వచ్చి మా స్తంభాల పక్కనే కొత్త సిమెంటు స్తంభాలు దించడం మొదలుపెట్టాయి. అంతకుముందు మాకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. కాంట్రాక్టరు మనిషిని అడిగితే తన దగ్గరున్న మ్యాపు తీసి చూపించాడు. అందులో మా లైన్లు లేవు. మా ప్లాంటు ఉన్న చోట ఖాళీ స్థలం ఉంది. ఆ కాగితం ప్రకారం ఆ ఊళ్లో అప్పటిదాకా ఒక్క దీపమూ వెలగలేదు.

ఈ లెక్కలంటేనే నాకు ఒళ్లు మండుతుంది. భారతదేశంలో 2004లో తెచ్చిన నిర్వచనం ప్రకారం, ఊళ్లో పంపిణీ లైను వేసి, బడి, పంచాయతీ కార్యాలయం లాంటి చోట్లకు కరెంటు ఇచ్చి, పది శాతం ఇళ్లకు కనెక్షన్ ఉంటే ఆ ఊరు విద్యుదీకరణ జరిగిన ఊరే. మిగతా తొంభై శాతం ఇళ్లు చీకట్లో ఉన్నా సరే. 2018 ఏప్రిల్‌లో దేశంలోని అన్ని ఊళ్లకూ కరెంటు వచ్చేసిందని ప్రకటించినప్పుడూ కొలబద్ద అదే. రోజుకు ఎన్ని గంటలు వస్తుంది, ఏ వేళకు వస్తుంది అన్న ప్రశ్న అందులో లేనే లేదు.

మా ఊళ్లో కొత్త కరెంటు చవక, కాబట్టి జనం అటు వెళ్లారు. తప్పేమీ లేదు. అయితే ఆ కరెంటు సరిగ్గా చీకటి పడే వేళకు పోయి, అందరూ పడుకున్నాక వచ్చేది. దాంతో చాలా ఇళ్లవాళ్లు మా కనెక్షన్‌ను కూడా అట్టిపెట్టుకున్నారు. ఒకే ఇంట్లోకి రెండు సరఫరాలు వస్తున్నప్పుడు అవి కలవకుండా చేంజోవర్ స్విచ్ ఉండాలి. అది ఎవరు పెట్టాలి? మేము మా చేతి డబ్బుతో పెట్టగలిగినన్ని ఇళ్లకు పెట్టాం. పంపిణీ సంస్థవాళ్లు అది తమ పని కాదన్నారు.

ఒక మధ్యాహ్నం లైన్‌మన్ వచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని, లైనులో కరెంటు లేదన్న నమ్మకంతో స్తంభం ఎక్కాడు. జాగ్రత్తపరుడు కాబట్టి వైరు ముట్టుకునే ముందు టెస్ట్ ల్యాంపు పెట్టి చూశాడు. ల్యాంపు వెలిగింది. కబురు విని ప్లాంటు ఆపేసి నేను పరుగున వెళ్లేసరికి అతను కిందికి దిగి, స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఫ్యూజులు చేతిలో పట్టుకుని నాకు చూపిస్తున్నాడు. ‘ఇవి నా దగ్గరే ఉన్నాయి సార్, మరి కరెంటు ఎక్కడినుంచి వచ్చింది?’ అని ఒకటే మాట. ఇల్లిల్లూ తిరిగి వెతికితే, ఒక ఇంట్లో రెండు సర్వీసు వైర్లనూ ఒకే మెయిన్‌కు బిగించేసి ఉన్నారు. మా కరెంటు ఆ ఇంటిగుండా వెనక్కి నడిచి పెద్ద లైనులోకి ఎక్కింది. ఆ వేళప్పుడు లోడు బాగా తక్కువ, అందుకే మా ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇళ్లకు పనికొచ్చేలా మార్చే పెట్టె) ట్రిప్ అయి ఆగిపోలేదు. ల్యాంపు పెట్టకుండా చెయ్యి వేసి ఉంటే ఆ మనిషి దక్కేవాడు కాదు.

సోలార్ ప్లాంటు పెద్ద గ్రిడ్ పోగానే దానంతట అదే ఆగిపోతుంది కదా అని కొందరు అంటారు. ఇంటి పైకప్పు మీద పెట్టి గ్రిడ్‌కు కలిపే ఇన్వర్టర్ సంగతి అది. గ్రిడ్ పోతే రెండు సెకన్లలోపు సరఫరా ఆపేయాలని ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ ఐఈఈఈ రాసిన 1547 ప్రమాణం దానికి షరతు పెడుతుంది. మైక్రోగ్రిడ్ ఇన్వర్టర్ పని ఇందుకు పూర్తిగా భిన్నం. బయట గ్రిడ్ ఉన్నా లేకున్నా వోల్టేజీని, ఫ్రీక్వెన్సీని అదే నిలబెట్టాలి. అలాంటి దాన్ని ఇంకో లైను పక్కన పెట్టినప్పుడు మధ్యలో స్విచ్ ఉండాలి, ఆ స్విచ్‌కు ఒక బాధ్యుడు ఉండాలి.

పంపిణీ సంస్థకు ఉత్తరం రాస్తే, మీ ప్లాంటు మా రికార్డుల్లో లేదని జవాబు వచ్చింది. మేము చట్టం దాటి ఏమీ చేయలేదు. 2003 విద్యుత్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన గ్రామీణ ప్రాంతంలో కరెంటు ఉత్పత్తి చేసి పంపిణీ చేసేవారికి లైసెన్సు అక్కర్లేదు. 53వ సెక్షన్ కింద చెప్పిన భద్రతా నియమాలు మాత్రం పాటించాలి. లైసెన్సు అక్కర్లేదనడం మంచి మాటే. కానీ ఇక్కడ ఒక ప్లాంటు ఉందని ఏ పుస్తకంలోనూ ఎక్కకపోతే, ఆ భద్రతా నియమాలు పాటిస్తున్నామో లేదో చూడటానికి వచ్చేదెవరు? పక్కన కొత్త లైను వేసేవాడికి మా సంగతి తెలిసేదెలా? అనుమతి వద్దు, నమోదు మాత్రం తప్పనిసరిగా ఉండాలి.

ముందే రాసిపెట్టుకుంటే ఏమవుతుందో, రాయకపోతే ఏమవుతుందో రెండు దేశాలను చూస్తే తెలుస్తుంది. శ్రీలంకలో ఊరివాళ్లు వాగుల మీద కట్టుకున్న చిన్న జలవిద్యుత్ కేంద్రాల్లో వందకు పైగా పెద్ద గ్రిడ్ రాగానే పాడుబడ్డాయి. గ్రిడ్‌కు కరెంటు అమ్మేలా మారినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కంబోడియాలో 2001 విద్యుత్ చట్టంతో వచ్చిన నియంత్రణ సంస్థ డీజిల్ జనరేటర్లతో ఊళ్లకు కరెంటు అమ్ముకునే చిన్న వ్యాపారులకు లైసెన్సులు ఇచ్చింది, లైన్ల నాణ్యత పెంచుకోమంది. పెద్ద గ్రిడ్ వచ్చాక వాళ్లలో రెండు వందల మందికి పైగా ఆ గ్రిడ్ నుంచి కరెంటు కొని, తమ లైన్ల మీదే ఊరికి అమ్మే పంపిణీదారులయ్యారు. జనరేటర్లు పోయాయి కానీ లైన్లు మిగిలాయి, వాటిని నడిపే మనుషులూ మిగిలారు.

నైజీరియా 2016లో తెచ్చిన మినీగ్రిడ్ (ఇలాంటి చిన్న గ్రిడ్‌లకే ఇంకో పేరు) నిబంధనలు నాకు మరీ నచ్చుతాయి. వంద కిలోవాట్లలోపు ఉంటే నమోదు చాలు, అంతకు మించి ఒక మెగావాట్ వరకు పర్మిట్ కావాలి. పర్మిట్ ఉన్నవాడి దగ్గరికి పెద్ద గ్రిడ్ వస్తే పరిహారం ఇవ్వాలి, లేదా అతన్ని గ్రిడ్‌కు కలుపుకోవాలి. ఉత్తరప్రదేశ్ కూడా అదే ఏడాది మినీగ్రిడ్ విధానంలో, గ్రిడ్ వచ్చాక ప్లాంటును అప్పగించే మార్గం, కరెంటును పంపిణీ సంస్థకు అమ్మే మార్గం రాసిపెట్టింది.

ఇక ధర. మైక్రోగ్రిడ్ కూడా పెద్ద గ్రిడ్ ధరకే ఇవ్వాలని పట్టుబట్టేవాళ్లతో నాకు ఎప్పుడూ గొడవే. పెద్ద సంస్థ ఇళ్లకు తక్కువకు ఇచ్చి ఆ లోటును పరిశ్రమల బిల్లుల్లోంచి, ప్రభుత్వ సబ్సిడీలోంచి పూడ్చుకుంటుంది. నలభై ఇళ్ల గ్రిడ్‌కు ఏ పరిశ్రమ ఉంది? అదే ధర కావాలంటే అదే సబ్సిడీ కూడా ఇవ్వాలి. అతి నియంత్రణ ఇంకో రకం పీడ. కాలిఫోర్నియాలో ఒకరి ఆవరణలో తయారైన కరెంటును వీధి దాటించి పక్కవాళ్లకు అమ్మితే, కొన్ని మినహాయింపులు తప్ప, వాళ్లు పెద్ద కంపెనీలతో సమానంగా విద్యుత్ సంస్థ అయిపోతారు. మైక్రోగ్రిడ్‌లకు దారి సులువు చేయమని 2018లో అక్కడ ప్రత్యేకంగా ఒక చట్టమే తేవలసి వచ్చింది.

మీ నలభై ఇళ్ల విషయానికొస్తే, ప్యానెళ్లు కొనకముందే ప్లాంటు వివరాలు, లైన్ల మ్యాపు పంపిణీ సంస్థకు, విద్యుత్ భద్రతా అధికారికి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఎవరూ అడగకపోయినా ఇవ్వండి. ప్రతి ఇంట్లో చేంజోవర్ స్విచ్ మొదటిరోజే పెట్టండి, దాని ఖర్చు కనెక్షన్ రుసుములోనే కలపండి. స్తంభాల ఎత్తు, వైరు మందం, ఎర్తింగ్ పంపిణీ సంస్థ కొలతల ప్రకారమే వేయండి. ఖర్చు పెరుగుతుంది. అయినా తక్కువ వోల్టేజీ డీసీ లైన్లతో (పెద్ద గ్రిడ్‌ది ఏసీ కరెంటు) సరిపెట్టుకోకండి, అలాంటివాటిని రేపు ఏ పంపిణీ సంస్థా తీసుకోదు.