డిక్షనరీలు తిరగేసే తమ్ముడికి ఏ నవల ఇవ్వాలి?

తమ్ముడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు, డిక్షనరీలంటే పిచ్చి, జార్జ్ ఆర్వెల్ ‘1984’ ఎప్పుడో చదివేశాడు, భాష, టెక్నాలజీ రెండూ ఉన్న డిస్టోపియా నవల, అంటే భయపెట్టే భవిష్యత్తుని ఊహించే నవల, ఏదైనా పుట్టినరోజుకి ఇద్దామనుకుంటున్నానని అడిగారు. నా ఓటు ‘ది వర్డ్ ఎక్స్ఛేంజ్’కి. అలీనా గ్రేడన్ మొదటి నవల, 2014లో వచ్చింది. దీన్ని నేను ఇద్దరికి గిఫ్టుగా ఇచ్చాను. ఒకరికి తెగ నచ్చేసింది, ఇంకొకరు సగంలోనే పక్కన పడేశారు. ఎందుకలా జరిగిందో చెబితే మీవాడు ఏ జట్టులో ఉంటాడో మీకే తెలిసిపోతుంది.

ముందు కథ. మరికొన్నేళ్ల తర్వాతి న్యూయార్క్. అచ్చు పుస్తకాలు, పేపర్లు దాదాపు కనుమరుగయ్యాయి. అందరి చేతుల్లో మీమ్ అనే పరికరం ఉంటుంది. మీరు ఆఫీసులోంచి బయటపడకముందే క్యాబ్ పిలుస్తుంది, కడుపులో ఎలుకలు పరిగెత్తడం మొదలవగానే భోజనం ఆర్డర్ పెట్టేస్తుంది. ఏదైనా మాటకి అర్థం గుర్తు రాకపోతే అదీ చూపిస్తుంది, కాకపోతే డబ్బు తీసుకుని. పదాల్ని, అర్థాల్ని అలా అమ్మే బజారు పేరే వర్డ్ ఎక్స్ఛేంజ్. ఈ హడావుడికి దూరంగా ఒక పాతకాలపు నిఘంటువు ఆఫీసు. దాని ప్రధాన సంపాదకుడు డగ్, అచ్చులో రాబోయే చివరి ఎడిషన్ పనిలో తలమునకలై ఉండి, ఒక రాత్రి మాయమైపోతాడు. అదే ఆఫీసులో పనిచేసే కూతురు అనానా తండ్రిని వెతకడం మొదలుపెడుతుంది. ఈలోగా ఊరి మీద ఒక వింత జబ్బు పడుతుంది. అది సోకినవాళ్ల నోటి వెంట ఉన్నట్టుండి భాషలోనే లేని మాటలు వస్తుంటాయి. చెప్పేవాడికి మాత్రం తాను తప్పు మాట అంటున్నట్టు తెలియదు.

ఇంతవరకూ వింటే మామూలు థ్రిల్లర్‌లాగే ఉంటుంది. దీన్ని వేరుగా నిలబెట్టింది బార్ట్ అనే పాత్ర. డగ్ దగ్గర పనిచేసే కుర్రాడు, మహా చదువరి, అనానా మీద లోలోపల ప్రేమ. కథ కొంత అనానా చెబుతుంది, కొంత బార్ట్ రాతల్లో నడుస్తుంది. మొదట్లో అతని వాక్యాలు పొడుగ్గా, జర్మన్ తత్వవేత్త హెగెల్ ఆలోచనలతో బరువుగా, కాస్త డాబుగా ఉంటాయి. తర్వాత ఎక్కడో ఒక వాక్యంలో డిక్షనరీలో లేని మాట ఒకటి దొర్లుతుంది. అచ్చు తప్పేమో అనుకుని దాటేస్తాం. తర్వాతి పేజీలో మరొకటి. కొంతసేపటికి మనం కూడా ఆ మాటల్ని పట్టించుకోవడం మానేసి, సందర్భాన్ని బట్టి అర్థం ఊహించుకుంటూ సాఫీగా చదువుకుపోతుంటాం. ఆ జబ్బు ఊళ్లో పాకేది కూడా సరిగ్గా అలాగే కదా అని వెలిగేసరికి నాకు వెన్నులో చలి పుట్టింది. జబ్బు గురించి వంద పేజీలు వర్ణించినా ఈ పని జరిగేది కాదు. అందుకే ఇస్తే అచ్చు పుస్తకమే ఇవ్వండి, ఆడియో బుక్ వద్దు. ఆ మాటలు కంటికి అడ్డం పడాల్సినవి.

అధ్యాయాల అమరిక కూడా నిఘంటువులాగే ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరమాల వరుసలో ఇరవై ఆరు అధ్యాయాలు, ఒక్కోదానికి ఒక పదమే పేరు, ఆ కింద రచయిత్రి సరదాగా కల్పించిన నిర్వచనాలు. డిక్షనరీ ప్రియులకి పండగే.

ఇప్పుడు నా ఇద్దరి సంగతి. నచ్చినావిడ ప్రూఫ్ రీడర్. హోటల్ మెనూలో అక్షరదోషం కనపడినా ఆర్డర్ ఇవ్వడం మర్చిపోయే రకం. ఆవిడ పెన్సిల్ పట్టుకుని చదివి, బార్ట్ జారిన మాటలన్నీ పేజీ అంచుల్లో రాసుకుని, ఎక్కడ మొదలయ్యాయో వెనక్కి తిప్పి పట్టుకుంది. పడేసినవాడు మా బావమరిది. చంపిందెవరో తేలకపోతే నిద్ర పట్టని థ్రిల్లర్ అభిమాని. అతని ఫిర్యాదు కూడా అన్యాయమైనదేం కాదు. తొలి అధ్యాయాల నిండా అరుదైన ఇంగ్లిష్ మాటలు, పేజీకి ఒకటి రెండుసార్లయినా డిక్షనరీ తీయిస్తాయి. అది కావాలనే చేసిన పని అని నా నమ్మకం, కానీ కావాలని పెట్టిన ముల్లయినా గుచ్చుకోక మానదు కదా. మధ్యలో కథ నీరసపడుతుంది, విలన్ల పథకం మాటలతోనే విప్పి చెప్పేస్తారు, అనానా పాత ప్రియుడి గొడవ అవసరానికి మించి సాగుతుంది. ఇవన్నీ ఒప్పుకునే చెబుతున్నాను, భాషంటే ఇష్టమున్నవాళ్లకి ఇదే ఇస్తాను.

మీ తమ్ముడిది సాఫ్ట్‌వేర్ కాబట్టి ఇంకో కారణం. చాట్‌జీపీటీ జనంలోకి వచ్చింది 2022 నవంబరులో. దానికి ఎనిమిదేళ్ల ముందు, మనం అడక్కముందే మాట అందించే యంత్రం మన మాటని ఏం చేస్తుందని అడిగిన నవల ఇది. ఇవాళ ఈమెయిల్‌లో సగం వాక్యం రాయగానే మిగతా సగం బూడిదరంగులో ప్రత్యక్షమవుతోంది, మనమూ ట్యాబ్ నొక్కి ఊరుకుంటున్నాం. అలాంటి ఫీచర్లు కట్టే చోటే పనిచేసేవాడైతే బాగా తగులుతుంది. ‘1984’ చదివాడన్నారు గనక తేడా కూడా అతనికే ఎక్కువ తెలుస్తుంది. అందులో సైమ్ అనే ఉద్యోగి న్యూస్పీక్ (ప్రభుత్వం కుదించి తయారుచేసే భాష) నిఘంటువు పదకొండో ఎడిషన్‌కి పనిచేస్తూ, పదాల్ని కోసిపారేయడంలో ఉన్న అందం గురించి క్యాంటీన్‌లో మురిసిపోతాడు. అక్కడ మాటల్ని లాక్కునేది ప్రభుత్వం. ఇక్కడ మనమే సౌకర్యం కోసం చేతులారా ఇచ్చేస్తాం. నాకు రెండోదే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

అంత లావు పుస్తకం చదివే ఓపిక లేదంటే ఎమ్.టి. ఆండర్సన్ ‘ఫీడ్’ చూడండి, 2002 నాటిది. పుర్రెలోనే నెట్ అమర్చిన కాలంలో టీనేజ్ పిల్లల కథ. వాళ్లు మాట్లాడుకునే ఆ అరకొర భాషలోనే నవలంతా నడుస్తుంది, మొదటి పది పేజీలు చిరాకు పెట్టినా తర్వాత అలవాటైపోతుంది. అందులో వయొలెట్ అనే అమ్మాయి తండ్రి మృతభాషలు బోధించే ప్రొఫెసర్. ఆ మృతభాషలేంటంటే ఫోర్ట్రాన్, బేసిక్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలు! సాఫ్ట్‌వేర్ వాళ్లెవరైనా అక్కడ పకపకా నవ్వాల్సిందే, చివరికొచ్చేసరికి మాత్రం ఆ నవ్వు ఉండదు.

క్రిస్టినా డాల్చర్ ‘వాక్స్’ (2018) పేరు కూడా ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. ఆడవాళ్లు రోజుకి వంద మాటలే మాట్లాడాలి, దాటితే చేతికున్న పట్టీ షాక్ కొడుతుంది. ఊహ అదిరిపోతుంది, వేగంగా చదివిస్తుంది. కానీ అందులో ఉన్నది ఎక్కువగా రాజకీయం, టెక్నాలజీ ఆ పట్టీ వరకే. మీరడిగినదానికి అంత సరిపోదు.

ఇచ్చేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త తీసుకోండి. లోపలి పేజీలో శుభాకాంక్షలతో పాటు ‘బార్ట్ భాగాల్లో కనిపించేవి అచ్చు తప్పులు కావు’ అని మాత్రం రాయకండి. ఆ సంగతి అతను సొంతంగా కనుక్కోవాలి. వెనక అట్ట మీది కథాసారాంశం కూడా చదవొద్దని చెప్పండి, ఉన్న గుట్టులో కొంత అక్కడే విప్పేస్తారు. ఒకవేళ ఇది ముందే చదివేశాడని తేలితే ‘ఫీడ్’ ఇచ్చేయండి, సందేహం అక్కర్లేదు.