32-బిట్ ప్రోగ్రామ్‌కి డీఎస్ఎన్ కనిపించకపోవడం: సమాధానం

ఓడీబీసీకాన్ఫ్ అనే విండోస్ కమాండ్‌తో సిస్టమ్ డీఎస్ఎన్ (డేటా సోర్స్ నేమ్, అంటే డేటాబేస్ కనెక్షన్ వివరాలకి పెట్టే పేరు) పెట్టినా మీ పాత 32-బిట్ బిల్లింగ్ ప్రోగ్రామ్ ‘డేటా సోర్స్ నేమ్ నాట్ ఫౌండ్’ అంటోందన్నారు కదండీ. 64-బిట్ విండోస్‌లో సిస్టమ్ డీఎస్ఎన్‌లు రెండు వేర్వేరు చోట్ల ఉంటాయి. మామూలుగా కమాండ్ ప్రాంప్ట్‌లో టైప్ చేస్తే నడిచేది సిస్టమ్32 ఫోల్డర్‌లోని 64-బిట్ ఓడీబీసీకాన్ఫ్. అది రాసింది మీ ప్రోగ్రామ్‌కి కనబడదు. 32-బిట్ ఓడీబీసీకాన్ఫ్ ఉండేది సిస్‌వావ్64 (SysWOW64) ఫోల్డర్‌లో; దాన్ని పూర్తి పాత్ ఇచ్చి, అడ్మినిస్ట్రేటర్‌గా అదే కమాండ్ మళ్లీ నడపండి.

డ్రైవర్ (ప్రోగ్రామ్‌ని డేటాబేస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) కూడా 32-బిట్‌దే ఉండాలి. కమాండ్‌లో దాని పేరు 32-బిట్ ఓడీబీసీ డేటా సోర్స్ అడ్మినిస్ట్రేటర్‌లోని డ్రైవర్స్ ట్యాబ్‌లో ఉన్నది ఉన్నట్టు, స్పేస్‌లతో సహా రాయండి. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు.

కొత్తగా స్క్రిప్ట్ రాస్తుంటే మాత్రం విండోస్ పవర్‌షెల్‌లోని యాడ్-ఓడీబీసీడీఎస్ఎన్ (Add-OdbcDsn) కమాండ్ వాడండి. అందులో ప్లాట్‌ఫామ్ దగ్గర 32-బిట్ అని నేరుగా చెప్పొచ్చు. ఓడీబీసీకాన్ఫ్‌ని ముందుముందు తీసేస్తామని మైక్రోసాఫ్టే చెప్పింది.