పార్సిల్ వ్యాన్‌లో జీపీఎస్, కెమెరా పెడితే ప్రమాదాలు తగ్గుతాయా?

మీ తమ్ముడి పార్సిల్ వ్యాన్‌లో కొత్తగా జీపీఎస్ డబ్బా, డ్రైవర్ ముఖం కనపడేలా ఓ కెమెరా బిగించారని, రోజూ మార్కులేసి తక్కువొస్తే ఇన్సెంటివ్ కోస్తున్నారని రాశారు. ఇది భద్రత కోసమా, నిఘా కోసమా అని అడిగారు. నేను హైదరాబాద్‌లో పార్సిల్ వ్యాన్ నడిపి, తర్వాత ఒక హబ్‌లో బండ్లు చూసుకునే పనిలోకి వచ్చాను. ఆ పరికరాలిచ్చే రిపోర్టుల్ని రెండు వైపుల నుంచీ చూశాను కాబట్టి చెబుతున్నాను. ఆ పరికరం మంచిదే. మార్కుల్ని డబ్బుకి ముడిపెట్టిన రోజే దాని మంచి సగం పోతుంది.

స్పీడ్ విషయంలో మాత్రం దాన్ని తప్పుపట్టలేం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 71 శాతం మరణాలకు అతివేగమే కారణమని కేంద్ర రవాణా శాఖ లెక్క. సరుకు బండ్లకు మునిసిపల్ పరిధిలో గరిష్ఠ వేగం గంటకు 60 కిలోమీటర్లు అని 2018లోనే నోటిఫై చేశారు. 60లో పోయే బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు దాటేస్తుంది. సందులోంచి పిల్లాడు అడ్డం వస్తే ఆ లెక్క ఏమిటో అర్థమవుతుంది. స్పీడ్ దాటగానే డబ్బాలోంచి బీప్ మోగితే కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీంచి లేస్తుంది, అది నేను కళ్లారా చూశాను.

తేడా కొట్టేది సడన్ బ్రేకుల దగ్గర. డబ్బాలోని సెన్సర్‌కి తెలిసేది బండి ఒక్కసారిగా నెమ్మదించిందన్న సంగతి ఒక్కటే. ఎందుకు తొక్కారో దానికి తెలియదు. బ్రేక్ తొక్కితే డబ్బు పోతుందని తెలిసినవాడు తొక్కాల్సిన చోట కూడా ఒక్క క్షణం తటపటాయిస్తాడు. మా దగ్గర ఒక కుర్రాడు ఉన్నమాట చెప్పేశాడు: "అన్నా, ఆరెంజ్ లైట్ పడితే ఆపితే మార్కు పోతది, దూరిపోతే ఏం పోదు." ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ప్రాణం కాపాడాల్సిన బ్రేకునే మనం నేరం చేసి కూర్చున్నాం.

తర్వాత అదే రిపోర్టును డ్రైవర్ పేరు వారీగా కాకుండా చోటు వారీగా, టైం వారీగా తిరగేశాం. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ల తరబడి సాగి కింద రోడ్డంతా గుంతలైంది కదా, ఆ రూట్ ఎవరికి పడితే వాళ్లే ఆ వారం "చెడ్డ డ్రైవర్". ఇంకోచోట, రంగు వేయని స్పీడ్ బ్రేకర్ దగ్గర అందరి బ్రేకులూ ఒకే చోట కుప్పపడ్డాయి. అది అందరికీ ముందే చెప్పి పంపితే సరిపోయింది. టైం చూస్తే సాయంత్రం ఆరు దాటాక, లోడ్ ఇంకా మిగిలి ఉన్న బండ్లలోనే స్పీడ్ అలర్టులు ఎక్కువ. ఆ రూట్లకు పార్సిళ్లు తగ్గించాకే అలర్టులు తగ్గాయి. అంతకుముందు వారాల తరబడి పీకిన క్లాసులతో తగ్గలేదు.

ఫోన్ సంగతి మరీ అన్యాయం. నడుపుతూ ఫోన్ పట్టుకుంటే కెమెరా అరుస్తుంది, అరవాలి కూడా. చట్టం ప్రకారం మొదటిసారికే వెయ్యి నుంచి ఐదు వేల దాకా ఫైన్, జైలు కూడా పడొచ్చు. కానీ "ఎక్కడున్నావ్ భయ్యా" అని కస్టమర్ చేసిన కాల్ ఎత్తకపోతే కంప్లైంట్ కూడా ఆ డ్రైవర్ మీదే పడుతుంది. బండి కదిలినంతసేపూ ఆ కాల్స్ ఆఫీసే ఎత్తుకునేలా చేయకుండా కెమెరా ఒక్కటే పెడితే, అది డ్రైవర్‌ని ఇరుకున పెట్టడమే.

తప్పుడు అలర్టులూ ఉంటాయి. ఓఆర్ఆర్ (ఊరి చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు) మీద 80లో పోతుంటే పక్కనున్న సర్వీస్ రోడ్డులో పోతున్నాడనుకుని ఓవర్‌స్పీడ్ కొడుతుంది. డబ్బా సరిగ్గా బిగించకపోతే ప్రతి గుంతకీ సడన్ బ్రేక్ అంటుంది. 2021లో అమెరికాలో అమెజాన్ పార్సిల్ వ్యాన్లలో ఇలాంటి కెమెరాలే పెట్టినప్పుడు, పక్క బండి అడ్డం దూరినా, సైడ్ మిర్రర్ చూసినా తమ మార్కులే పోతున్నాయని అక్కడి డ్రైవర్లు మొత్తుకున్నారు.

మీ తమ్ముణ్ని ఉద్యోగం మానమని నేను అనను. అలర్ట్ మోగినప్పుడల్లా బండి ఆపాక టైం, చోటు, ఎందుకు తొక్కాల్సి వచ్చిందో ఫోన్‌లో రెండు ముక్కలు రాసి పెట్టుకోమనండి. కోత పడితే ఆ అలర్ట్ వీడియో క్లిప్ చూపించమని అదే రోజు అడగాలి, ఎందుకంటే చాలా సిస్టమ్స్‌లో పాత వీడియోలు కొన్నాళ్లకే చెరిగిపోతాయి. క్లిప్ చూపించకుండా డబ్బు కోయడం ఏ పద్ధతీ కాదు. అడిగేటప్పుడు ఒక్కడే వెళ్లకుండా అదే రూట్ నడిపే ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని వెళ్లమనండి. ఒకే చోట అందరికీ అలర్ట్ పడుతోందని చూపిస్తే సూపర్‌వైజర్‌కి కాదనడం కష్టం. భోజనానికి ఆగినప్పుడు, ఇంజిన్ ఆఫ్ చేశాక లోపలి కెమెరా రికార్డ్ చేస్తోందా, ఆ వీడియో ఎవరెవరు చూస్తున్నారు అన్నది కూడా రాతపూర్వకంగా అడిగి తెలుసుకోమని చెప్పండి.