ఒకే నెట్‌వర్క్ కార్డుకు రెండు ఐపీ చిరునామాలు

ప్రశ్న: పర్లాకిమిడిలో నాకు జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం ఉంది. కొత్త రూటర్ పెట్టించాక మా విండోస్ కంప్యూటర్‌కు 192.168.1తో మొదలయ్యే ఐపీ చిరునామా వస్తోంది. పాత నెట్‌వర్క్ ప్రింటర్‌లో మాత్రం 192.168.0.50 అని ఎప్పుడో స్థిరంగా పెట్టేశారు. దాని సెట్టింగుల పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. ఇంటర్నెట్, ప్రింటర్ రెండూ ఒకేసారి పనిచేయాలంటే రెండో నెట్‌వర్క్ కార్డు కొనాలని బరంపురంలో ఒకరు చెప్పారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, గజపతి జిల్లా, ఒడిశా

సమాధానం: కార్డు కొననక్కరలేదు. ప్రింటర్ కేబుల్, కంప్యూటర్ కేబుల్ ఒకే రూటర్‌కో నెట్‌వర్క్ స్విచ్‌కో కలిసి ఉంటే చాలు, ఉన్న కార్డుకే రెండో చిరునామా ఇవ్వవచ్చు. సబ్‌నెట్ మాస్క్ (ఏ చిరునామాలు తన నెట్‌వర్క్‌లోవో కంప్యూటర్‌కు చెప్పేది) 255.255.255.0 అయినప్పుడు, చిరునామాలో చుక్కలతో విడదీసిన మొదటి మూడు సంఖ్యలు తనతో కలిసే పరికరాలనే కంప్యూటర్ నేరుగా పలకరిస్తుంది; తక్కినవన్నీ బయటివని భావించి గేట్‌వేకు, అంటే రూటర్‌కు, అప్పగిస్తుంది. మీ ప్రింటర్ పక్కనే ఉన్నా అందకపోవడానికి కారణం ఇదే.

విండోస్‌లో చిరునామా దానంతటదే వచ్చే పద్ధతిలో ఉన్నంతవరకు సెట్టింగుల కిటికీలో రెండోది చేర్చనివ్వదు కనుక, ముందుగా ఇప్పుడున్న గేట్‌వే, డీఎన్ఎస్ (వెబ్‌సైట్ల పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చే సేవ) వివరాలను కాగితంపై రాసుకోండి. తర్వాత నెట్‌వర్క్ కార్డు సెట్టింగులలోని ఐపీవీ4 ప్రాపర్టీస్‌లో, రూటర్ తానుగా పంచిపెట్టే వరుసలో లేని 192.168.1.20 వంటి చిరునామాను, రాసుకున్న వివరాలతో సహా స్వయంగా నింపి, అడ్వాన్స్‌డ్ నొక్కి, యాడ్ ద్వారా 192.168.0.20ను అదే మాస్క్‌తో చేర్చండి.

ఎక్కువమంది పొరబడేది గేట్‌వే దగ్గర. రెండో చిరునామాకు మరో గేట్‌వే ఇవ్వవద్దు. ప్రింటర్ నేరుగానే అందుతుంది కాబట్టి దానికి దారి చూపేవారు అక్కరలేదు. పైగా రెండు గేట్‌వేలు ఉంటే ఇంటర్నెట్‌కు వెళ్లవలసిన సమాచారం ఏ దారి పట్టాలో తేలక, ఒకసారి వచ్చి ఒకసారి రాని తంటా మొదలవుతుంది. అలాంటి లోపాన్ని పట్టుకోవడం, అసలు పనిచేయనిదాన్ని బాగుచేయడం కన్నా కష్టం.

లినక్స్‌లో ఇది ఇంకా సులువు. దానంతటదే వచ్చిన చిరునామాను అలాగే ఉంచి, ఒక్క ఆదేశంతో రెండోది చేర్చవచ్చు. అయితే సెట్టింగులలో భద్రపరచకపోతే యంత్రం మళ్లీ మొదలుపెట్టగానే పోతుంది.

రెండు చిరునామాల వల్ల వేగం పెరగదు, భద్రత కూడా పెరగదు. తీగ ఒక్కటే కదా! దుకాణంలో మరో కంప్యూటర్ కూడా ప్రింట్ ఇవ్వవలసి ఉంటే, దానికీ ఇదే విధంగా, కానీ 192.168.0.21 వంటి వేరే చిరునామా చేర్చండి. లేదా ప్రింటర్‌ను మొదటి కంప్యూటర్ నుంచి షేర్ చేయండి.